రస్ట్ ఎర్రర్లను పైథాన్ ఎక్సెప్షన్లుగా మార్చేటప్పుడు ఏది నిలవాలి, ఏది పోయినా ఫరవాలేదు?

కొలిమి:
రస్ట్‌లో రాసిన, పట్టిక ఫైళ్లను చదివే ఒక లైబ్రరీని పైఓ3 (రస్ట్ కోడ్‌ను పైథాన్‌కు కలిపే లైబ్రరీ) సాయంతో పైథాన్ మాడ్యూల్‌గా అందించే పని చేస్తున్నాను. లైబ్రరీలోని ఎర్రర్లన్నీ ఒకే ఈనమ్‌లో (సాధ్యమైన రకాలను పేర్కొనే రస్ట్ నిర్మాణంలో) ఉన్నాయి. ఫైలు తెరుచుకోకపోవడం, శీర్షిక వరుస చెడిపోయి ఉండడం, ఫలానా వరుసలోని విలువ అంకెగా మారకపోవడం, అడిగిన కాలమ్ లేకపోవడం, చివరగా లైబ్రరీ లోపలి లెక్కే తప్పడం అందులోని రకాలు. ప్రస్తుతం వీటన్నిటికీ కలిపి ఫ్రమ్ ట్రెయిట్ (ఒక రకాన్ని మరో రకంగా మార్చే రస్ట్ ఏర్పాటు) అమలు ఒక్కటే ఉంది. అది ఎర్రర్‌ను వాక్యంగా మార్చి, రన్‌టైమ్‌ఎర్రర్‌లో పెట్టి పంపుతుంది. ఫంక్షన్ పిలుపు చివర ప్రశ్నార్థకం పెడితే మార్పు తనంతట తానే జరుగుతుంది కాబట్టి కోడ్ చాలా చిన్నదిగా ఉంది.

అయితే పైథాన్ వైపు వాడుతున్నవారు ఆ వాక్యంలో నుంచి వరుస సంఖ్యను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌తో (అక్షరాల నమూనాతో వెతికే పద్ధతితో) బయటికి లాగుతున్నారు. వాక్యంలో ఒక్క మాట మార్చినా వాళ్ల ప్రోగ్రాములు ఆగిపోతాయి. ఎన్ని ఎక్సెప్షన్ తరగతులు ఉండాలి, వాటిలో ఏ సమాచారం వెళ్లాలి, పానిక్‌లను (రస్ట్ కోడ్ ముందుకు సాగలేక ఆగిపోయే సందర్భాలను) ఏం చేయాలి అన్న మూడు విషయాల మీద సభ్యుల అభిప్రాయాలు కావాలి.

అంచుకోడ్:
కొలిమి గారూ, ఈనమ్‌లో ఎన్ని రకాలు ఉన్నాయో అన్ని తరగతులు తయారు చేయాలని చాలామంది అనుకుంటారు. దాన్ని నేను సమర్థించను. ఈనమ్‌ను విభజించింది లైబ్రరీ రాసినవారి సౌలభ్యం కోసం. ఎక్సెప్షన్‌ను విభజించవలసింది దాన్ని పట్టుకున్నవారు తరువాత ఏం చేస్తారన్న దాన్నిబట్టి. ఫైలు దొరకకపోతే వాళ్లు దారి సరిచూసుకుంటారు, విలువ చెడితే ఆ వరుసను పక్కన పెట్టి ముందుకు పోతారు, కాలమ్ పేరు తప్పితే తమ కోడ్‌ను దిద్దుకుంటారు, లైబ్రరీ లోపలి లెక్క తప్పితే మాత్రం వాళ్లు చేయగలిగేది మీకు ఫిర్యాదు పంపడమే. ఇవి నాలుగు వేర్వేరు చర్యలు కాబట్టి నాలుగు తరగతులు కావాలి. శీర్షిక చెడడం, విలువ చెడడం ఈనమ్‌లో రెండు రకాలైనా, పట్టుకునేవారికి రెండూ దత్తాంశంలోని లోపాలే కాబట్టి ఒకే తరగతి కింద ఉండవచ్చు.

పేర్ల విషయంలో నా పద్ధతి ఇది. లైబ్రరీకంతటికీ ఒక మూల తరగతి ఉంటుంది, దాని కింది ప్రతి తరగతీ పైథాన్‌లో ముందే ఉన్న తగిన తరగతిని కూడా వారసత్వంగా తీసుకుంటుంది. దత్తాంశ లోపం మీ మూల తరగతికీ వాల్యూఎర్రర్‌కూ సంతానమైతే, మీ లైబ్రరీ గురించి ఏమీ తెలియని కోడ్ కూడా దాన్ని వాల్యూఎర్రర్‌గా పట్టుకోగలుగుతుంది. పైఓ3లోని క్రియేట్ ఎక్సెప్షన్ మాక్రో ఒక్క మూల తరగతినే తీసుకుంటుంది. అందువల్ల ఈ తరగతులను ప్యాకేజీలోని ఒక చిన్న పైథాన్ ఫైలులోనే నిర్వచించి, రస్ట్ వైపు ఇంపోర్ట్ ఎక్సెప్షన్ మాక్రోతో తెచ్చుకోవడం మేలు. దీనివల్ల వరుస సంఖ్య, కాలమ్ పేరు, చెడిన విలువ వంటివాటిని గుణాలుగా పెట్టడం, వాటికి వివరణ రాయడం, ఎడిటర్లకు అవి కనబడేలా చేయడం అన్నీ సులువవుతాయి.

వాక్యం మనుషుల కోసం, గుణాలు ప్రోగ్రాముల కోసం. వరుస సంఖ్య గుణంగా దొరికిన రోజున రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ ఎవరూ రాయరు.

పాతకంపైలర్:
అంచుకోడ్ గారి పద్ధతికి ఒక గట్టి హెచ్చరిక చేర్చాలి. పైథాన్‌లో ముందే ఉన్న తరగతులన్నీ కేవలం పేర్లు కావు. వాటిలో కొన్నింటిని ఇంటర్‌ప్రిటర్ తన సొంత పనులకు సంకేతాలుగా వాడుకుంటుంది. రెండు భాషల మధ్య సరిహద్దు దాటి వచ్చిన ఎర్రర్ పొరపాటున అలాంటి వేషం వేసుకుంటే అది ఎర్రర్‌గా కనబడదు, మౌనంగా మాయమవుతుంది.

సీ++ వైపు నుంచి ఒక ఉదాహరణ చూపుతాను. పైబైండ్11 (సీ++ కోడ్‌ను పైథాన్‌కు కలిపే లైబ్రరీ) తనంతట తానే కొన్ని ఎక్సెప్షన్లను మారుస్తుంది. ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్ వాల్యూఎర్రర్ అవుతుంది, బ్యాడ్ అలాక్ మెమరీఎర్రర్ అవుతుంది, అవుట్ ఆఫ్ రేంజ్ ఇండెక్స్‌ఎర్రర్ అవుతుంది, ప్రత్యేక నియమం లేనివి రన్‌టైమ్‌ఎర్రర్ అవుతాయి. చూడడానికి అన్నీ సబబుగానే ఉన్నాయి. ఇప్పుడు ఒక తరగతికి గెట్‌ఐటమ్ పద్ధతి మాత్రమే ఇచ్చి, ఇటర్ పద్ధతి ఇవ్వలేదనుకోండి. ఆ వస్తువు మీద ఫర్ లూప్ నడిపితే పైథాన్ పాత సీక్వెన్స్ నియమం ప్రకారం సున్నా, ఒకటి, రెండు అంటూ అడుగుతూ పోయి, ఇండెక్స్‌ఎర్రర్ రాగానే వరుస అయిపోయిందని భావించి లూప్‌ను ప్రశాంతంగా ముగిస్తుంది. ఆ గెట్‌ఐటమ్ లోపల ఎక్కడో లోతున, ఈ వరుసతో సంబంధం లేని మరో వెక్టర్ మీద పిలిచిన ఎట్ ఫంక్షన్ అవుట్ ఆఫ్ రేంజ్ విసిరిందనుకోండి. అది కూడా ఇండెక్స్‌ఎర్రర్‌గానే బయటికి వస్తుంది. వెయ్యి అంశాలున్న చోట ముప్ఫై దగ్గరే లూప్ ఆగిపోతుంది, ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ వచ్చిన దారిని చూపే జాబితా) ఉండదు, ప్రోగ్రాం విజయవంతంగా ముగిసినట్టే కనబడుతుంది, లెక్క మాత్రం తప్పుతుంది. నా దృష్టిలో ప్రోగ్రాం కూలిపోవడం కంటే ఇది ఎన్నో రెట్లు ప్రమాదకరం.

ఇదే కుటుంబంలో మరికొన్ని ఉన్నాయి. గుణాన్ని చదివే ఫంక్షన్ అట్రిబ్యూట్‌ఎర్రర్‌తో ముగిస్తే, హ్యాజ్‌అట్ర్ అసలు ఆ గుణమే లేదని చెబుతుంది. నెక్స్ట్ పద్ధతి నుంచి వచ్చిన స్టాప్‌ఇటరేషన్ లూప్‌ను ముగిస్తుంది. జనరేటర్ల లోపల జరిగే ఇలాంటి మౌన ముగింపును పైథాన్ 3.7 నుంచి రన్‌టైమ్‌ఎర్రర్‌గా మార్చి బయటపెడుతున్నారు కానీ, మీరు కంపైల్డ్ భాషలో రాసిన ఇటరేటర్‌కు ఆ రక్షణ లేదు. ఇంకొకటి, స్టాండర్డ్ మ్యాప్ మీది ఎట్ ఫంక్షన్ కీ దొరకనప్పుడు కూడా అవుట్ ఆఫ్ రేంజ్‌నే విసురుతుంది కాబట్టి, నిఘంటువులా కనబడే వస్తువు నుంచి కీఎర్రర్‌కు బదులు ఇండెక్స్‌ఎర్రర్ వస్తుంది.

కాబట్టి ఇండెక్స్‌ఎర్రర్, కీఎర్రర్, అట్రిబ్యూట్‌ఎర్రర్, స్టాప్‌ఇటరేషన్ అనే నాలుగింటినీ సాధారణ మార్పు నియమంలో ఎన్నడూ పెట్టవద్దు. వాటిని ఆయా పద్ధతుల లోపల, హద్దును స్వయంగా సరిచూసిన చోట మాత్రమే, చేతితో లేవనెత్తాలి. మీ ‘కాలమ్ లేదు’ అన్న ఎర్రర్‌కు కీఎర్రర్‌ను మూలంగా తీసుకోవాలనుకుంటే ఇంకో చిన్న ఇబ్బంది కూడా ఉంది. కీఎర్రర్ ఒకే ఆర్గ్యుమెంట్‌తో ఉన్నప్పుడు దాన్ని కీగా భావించి రెప్ర్ రూపంలో (కోడ్‌లో రాసినట్టుగా) చూపుతుంది, అందువల్ల మీ వాక్యం మొత్తం కొటేషన్ గుర్తుల మధ్య అచ్చవుతుంది. స్ట్ర్ పద్ధతిని మీ తరగతిలో తిరగరాయవలసి ఉంటుంది.

నిశితం:
ఫైలు ఎర్రర్ గురించి మాత్రమే చెబుతాను. రస్ట్‌లోని ఐఓ ఎర్రర్‌ను పైఓ3 దాని రకాన్నిబట్టి ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్, పర్మిషన్‌ఎర్రర్ వంటి తరగతులకు మారుస్తుంది కాబట్టి ఆ పని ఎలాగూ అయిపోయిందనుకుంటాం. అయితే పైథాన్‌లో ఓఎస్‌ఎర్రర్ కుటుంబపు తరగతిని ఒక్క వాక్యంతో నిర్మిస్తే దాని ఎర్ర్‌నో గుణం (ఆపరేటింగ్ సిస్టమ్ ఇచ్చే ఎర్రర్ సంఖ్య) నన్ (అంటే విలువ లేదు) అవుతుంది, ఫైల్‌నేమ్ గుణం కూడా నన్ అవుతుంది. డిస్కు నిండిందా లేదా అని ఎర్ర్‌నోను పోల్చి చూసే కోడ్‌కు అక్కడ ఏమీ దొరకదు.

అందువల్ల రా ఓఎస్ ఎర్రర్ ఫంక్షన్ ఇచ్చే సంఖ్యను తీసుకుని, ఆ సంఖ్య, వాక్యం, ఫైలు దారి అనే మూడింటితో ఓఎస్‌ఎర్రర్‌నే నిర్మించండి. పైథాన్ 3.3 నుంచి ఓఎస్‌ఎర్రర్ ఆ సంఖ్యను చూసి సరైన ఉపతరగతిని తానే ఎంచుకుంటుంది. 2 ఇస్తే ఫైల్‌నాట్‌ఫౌండ్‌ఎర్రర్ వస్తుంది. ఈ ఎంపిక ఓఎస్‌ఎర్రర్‌ను నేరుగా పిలిచినప్పుడే జరుగుతుంది తప్ప, మీరు దాని నుంచి చేసుకున్న సొంత తరగతిని పిలిస్తే జరగదు. విండోస్‌లో ఆ ఫంక్షన్ ఇచ్చేది ఎర్ర్‌నో కాదు, విండోస్ సొంత ఎర్రర్ సంఖ్య. దాన్ని నాలుగో ఆర్గ్యుమెంట్‌గా ఇస్తే పైథాన్ దాని నుంచి ఎర్ర్‌నోను తానే లెక్కగడుతుంది. ఐఓ ఎర్రర్‌లో ఫైలు దారి ఉండదు కాబట్టి, ఫైలు తెరిచే చోటనే దారిని ఎర్రర్‌తో కలిపి దాచుకోకపోతే సరిహద్దు దగ్గరికి వచ్చేసరికి అది దొరకదు.

కొలిమి:
ముగ్గురి సమాధానాలూ ఎంతో ఉపయోగపడ్డాయి. ఓఎస్‌ఎర్రర్‌ను మా మూల తరగతి కింద పెట్టకుండా, ఉన్నదాన్ని ఉన్నట్టుగానే పంపడం మంచిదని నిశితం గారి మాటలనుబట్టి అనిపిస్తోంది. ఫైలు లేకపోవడం మా లైబ్రరీ ప్రత్యేకత కాదు కదా. ఇక పానిక్‌ల సంగతి చెప్పండి. లోపలి లెక్క తప్పినప్పుడు కొన్ని చోట్ల ఈనమ్ రకం వెనక్కి వస్తుంది, కొన్ని చోట్ల అన్‌ర్యాప్ (విలువ తప్పక ఉందనుకుని బయటికి తీసే పిలుపు) పానిక్ అవుతుంది.

వెన్నెలవాన:
పానిక్ ఎర్రర్ కాదు, ప్రోగ్రాంలో తప్పు ఉందన్న ప్రకటన. పైఓ3 కూడా అలాగే భావిస్తుంది: మీ ఫంక్షన్‌లో పానిక్ అయితే దాన్ని పట్టుకుని పానిక్‌ఎక్సెప్షన్‌గా మారుస్తుంది, ఆ తరగతి ఎక్సెప్షన్‌కు కాక బేస్‌ఎక్సెప్షన్‌కు సంతానం. అంటే ఎక్సెప్షన్‌ను పట్టుకునే సాధారణ కోడ్ దాన్ని పట్టుకోదు. ఇది కావాలని చేసిన ఏర్పాటే కాబట్టి దాన్ని దాటవేయవద్దు.

పైఓ3 లాంటి మధ్యవర్తి లేకుండా ఎక్స్‌టర్న్ సీ ఫంక్షన్లను (సీ భాష పద్ధతిలో పిలవగలిగే రస్ట్ ఫంక్షన్లను) నేరుగా అందించేవారు ఇంకొంచెం జాగ్రత్తగా ఉండాలి. అలాంటి ఫంక్షన్ దాటి పానిక్ బయటికి పోవడం ఒకప్పుడు అనిర్వచిత ప్రవర్తన (ఏం జరుగుతుందో భాష హామీ ఇవ్వని స్థితి). 2024 సెప్టెంబరులో వచ్చిన రస్ట్ 1.81 నుంచి అలా దాటబోయిన పానిక్ ప్రాసెస్‌నే ఆపేస్తుంది. అది భద్రమే, కానీ స్క్రిప్ట్ రాసేవారికి ఇంటర్‌ప్రిటర్ మొత్తం కూలిపోయినట్టు కనబడుతుంది. కాబట్టి ప్రతి బయటి ఫంక్షన్ లోపలా క్యాచ్ అన్‌వైండ్ (పానిక్‌ను పట్టుకునే ఫంక్షన్) పెట్టి, పట్టుకున్నదాన్ని ఎర్రర్ కోడ్‌గా మార్చి ఇవ్వాలి. కార్గో (రస్ట్ నిర్మాణ సాధనం) ఆకృతీకరణలో పానిక్‌ను అబార్ట్‌గా (వెంటనే ప్రాసెస్ ఆగేలా) పెట్టి కంపైల్ చేస్తే క్యాచ్ అన్‌వైండ్‌కు పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైఓ3 ఏర్పాటు కూడా పనిచేయదు. ఫైలు పరిమాణం తగ్గుతుందని ఎవరో ఆ వరుస చేర్చడం, ఆ తరువాత పానిక్‌ఎక్సెప్షన్లు రావలసిన చోట ప్రాసెస్ కూలిపోవడం జరిగే పనే.

అంచుకోడ్:
వెన్నెలవాన గారితో మూడు వంతులు ఏకీభవిస్తాను. ఒక సర్వర్‌లో పనివాడి థ్రెడ్లు ఉంటాయి, ఒక్కో అభ్యర్థన చుట్టూ ఎక్సెప్షన్‌ను పట్టుకునే గోడ ఉంటుంది. పానిక్‌ఎక్సెప్షన్ ఆ గోడను దాటి థ్రెడ్‌ను చంపేస్తే, ఒక చెడ్డ ఫైలు పంపినవారి వల్ల మిగతావారి పనికి కూడా దెబ్బ తగలవచ్చు. అటువంటి చోట, బయటి నుంచి వచ్చిన దత్తాంశాన్ని చదివే ఒక్క ఫంక్షన్‌కు మాత్రం క్యాచ్ అన్‌వైండ్ పెట్టి, మీ లోపలి లోపం తరగతిగా మార్చి ఇవ్వడం సమంజసమేనని నా అభిప్రాయం.

వెన్నెలవాన:
ఆ ఫంక్షన్ అన్నీ తన సొంత స్థానిక వస్తువులతోనే పనిచేస్తే ఒప్పుకుంటాను. మార్చగల వస్తువును పైథాన్ వైపు ఉంచుకుని దాని మీద పద్ధతులు పిలుస్తున్నప్పుడు మాత్రం ఒప్పుకోలేను, ఎందుకంటే పానిక్ సమయానికి ఆ వస్తువు సగం మారి ఉండవచ్చు, తరువాతి పిలుపు ఆ సగం మారిన దాని మీదే నడుస్తుంది. రస్ట్ మ్యూటెక్స్ (ఒకేసారి ఒకరికే ప్రవేశమిచ్చే తాళం) ఇలాంటి చోటనే విషపూరితమైనట్టు గుర్తు వేసుకుంటుంది. మీ వస్తువుకు కూడా అలాంటి గుర్తు ఒకటి పెట్టి, తరువాతి పిలుపులన్నీ వెంటనే తిరస్కరించేలా చేయగలిగితే మీ వాదన నిలుస్తుంది.

సూచిక:
ఇప్పటివరకూ చర్చ అంతా పైథాన్ గురించే సాగింది. లువా అనే స్క్రిప్టింగ్ భాషను తమ ప్రోగ్రాంలో ఇముడ్చుకునేవారి కోసం కొంత రాస్తాను, ఎందుకంటే అక్కడ సమస్య రూపమే మారిపోతుంది.

పైథాన్ సీ ఏపీఐలో ఎర్రర్ అంటే ఒక గుర్తు పెట్టి, నల్ తిరిగివ్వడం. గుర్తు పెట్టకుండా నల్ ఇచ్చినా, గుర్తు పెట్టి మంచి విలువ ఇచ్చినా ఇంటర్‌ప్రిటర్ సిస్టమ్‌ఎర్రర్ లేవనెత్తి మందలిస్తుంది. లువా సీ ఏపీఐలో ఎర్రర్ అంటే లాంగ్‌జంప్, అంటే మధ్య ఫంక్షన్లను దాటేసి దూకడం. లువాను సీ కంపైలర్‌తో కడితే, లువా_ఎర్రర్ పిలిచిన క్షణాన నియంత్రణ నేరుగా దగ్గరలోని లువా_పీకాల్ (ఎర్రర్లను పట్టుకునే పిలుపు) దగ్గరికి దూకుతుంది, మధ్యలో వస్తువులను శుభ్రం చేయవలసిన సీ++ డిస్ట్రక్టర్లూ రస్ట్ డ్రాప్‌లూ నడవవు. తెరిచిన ఫైలు మూసుకోదు, పట్టుకున్న తాళం విడవదు. పైగా డిస్ట్రక్టర్లున్న ఫ్రేముల మీదుగా అలా దూకడమే అనిర్వచిత ప్రవర్తన. లువాను సీ++ కంపైలర్‌తో కడితే అది లాంగ్‌జంప్‌కు బదులు సీ++ ఎక్సెప్షన్లను వాడుతుంది కాబట్టి ఆ వైపు కొంత ఊరట ఉంది. ఏ విధంగా కట్టినా నేను పాటించే నియమం ఒకటే: పని అంతా లోపలి ఫంక్షన్‌లో జరిగి ఫలితమో ఎర్రరో విలువగా వెనక్కి రావాలి, ఆ ఫంక్షన్ ముగిసి దాని వస్తువులన్నీ శుభ్రమైన తరువాతే, డిస్ట్రక్టర్ ఉన్న వస్తువు ఒక్కటి కూడా లేని పలుచని బయటి ఫంక్షన్ లువా_ఎర్రర్ పిలవాలి.

లువాలో ఎర్రర్ విలువ వాక్యమే కానక్కరలేదు, టేబుల్ కూడా కావచ్చు. కొలిమి గారు గుణాలుగా పంపాలనుకున్నవన్నీ అక్కడ టేబుల్ గడులుగా వెళ్తాయి. ఆ టేబుల్‌కు టుస్ట్రింగ్ మెటా పద్ధతి ఇవ్వడం తప్పనిసరి. అది లేకపోతే ఎవరూ పట్టుకోని ఎర్రర్‌ను లువా ఇంటర్‌ప్రిటర్ కేవలం ‘ఎర్రర్ వస్తువు ఒక టేబుల్ విలువ’ అన్న అర్థం వచ్చే మాటతో చూపి ఊరుకుంటుంది. ట్రేస్‌బ్యాక్ కావాలంటే లువా_పీకాల్‌కు సందేశ ఫంక్షన్ ఇవ్వాలి. పీకాల్ తిరిగి వచ్చేసరికి స్టాక్ విడిపోయి ఉంటుంది కాబట్టి ఆ తరువాత తీసుకోవడానికి ఏమీ మిగలదు.

అంతటా ఎర్రర్ లేవనెత్తడమే లువా అలవాటు కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఐఓ.ఓపెన్ ఫైలు దొరకనప్పుడు నిల్, వాక్యం, సంఖ్య అనే మూడు విలువలు ఇస్తుంది. బయటి పరిస్థితి వల్ల జరిగే వైఫల్యాలను అలా విలువలుగా ఇచ్చి, పిలిచినవారి తప్పులను మాత్రమే ఎర్రర్‌గా లేవనెత్తితే మీ లైబ్రరీ లువా వాడేవారి చేతికి సహజంగా అమరుతుంది.

పాతకంపైలర్:
ఎదురు దిశ గురించి ఎవరూ రాయలేదు. రస్ట్ లైబ్రరీ వరుస వరుసకూ పైథాన్ కాల్‌బ్యాక్‌ను పిలుస్తుందనుకోండి, ఆ కాల్‌బ్యాక్‌లో వాడేవారి సొంత ఎక్సెప్షన్ లేచింది. దాన్ని వాక్యంగా మార్చి మీ ఈనమ్‌లో పెట్టి, తిరిగి వెళ్లేటప్పుడు మీ తరగతిగా లేవనెత్తితే, వాడేవారు తాము విసిరిన ఎక్సెప్షన్‌ను తామే పట్టుకోలేకపోతారు, ట్రేస్‌బ్యాక్‌లో వాళ్ల కోడ్ వరుసలు కూడా ఉండవు. పైఎర్ (పైథాన్ ఎక్సెప్షన్‌ను మోసే పైఓ3 రకం) విలువను చెక్కుచెదరకుండా దాచి, అదే వస్తువును వెనక్కి ఇవ్వాలి. లైబ్రరీకి పైథాన్ గురించి తెలియకూడదనుకుంటే, ఈనమ్‌లో బయటివారి ఎర్రర్ కోసం బాక్స్‌లో పెట్టిన డైన్ ఎర్రర్ (ఏ ఎర్రర్‌నైనా పట్టే) రకం ఒకటి ఉంచి, సరిహద్దు దగ్గర డౌన్‌కాస్ట్ చేసి (అసలు రకం ఏదో పరీక్షించి) చూస్తే సరిపోతుంది. పైథాన్ ఫైలు వస్తువును రస్ట్ రీడ్ ట్రెయిట్ వెనక దాచినప్పుడు ఐఓ ఎర్రర్ తప్ప మరొకటి ఇవ్వడానికి వీలుండదు. అక్కడ కూడా పైఎర్‌ను ఐఓ ఎర్రర్ లోపల పెట్టి పంపితే, తిరిగి మార్చేటప్పుడు పైఓ3 లోపలిదాన్ని గుర్తించి బయటికి తీస్తుంది.

ఏ వరుస దగ్గర కాల్‌బ్యాక్ విఫలమైందో చెప్పాలనిపిస్తే, తరగతిని మార్చకుండా పైథాన్ 3.11లో వచ్చిన యాడ్ నోట్ పద్ధతితో ఒక వాక్యం జతచేయండి. అలాగే ఎక్కువసేపు నడిచే రస్ట్ లూప్‌లో అప్పుడప్పుడు చెక్ సిగ్నల్స్ పిలవండి. లేకపోతే కంట్రోల్ సీ నొక్కినా ఫంక్షన్ ముగిసేవరకూ కీబోర్డ్‌ఇంటరప్ట్ రాదు.

నిశితం:
కారణాల గొలుసు గురించి ఒక మాట. రస్ట్‌లో సోర్స్ పద్ధతి ఇచ్చే లోపలి ఎర్రర్లను ఒక్కొక్కటిగా పైథాన్ ఎక్సెప్షన్లుగా మార్చి, సెట్ కాజ్‌తో తగిలిస్తే ట్రేస్‌బ్యాక్‌లో ‘దీని వల్ల అది’ అన్న క్రమం చక్కగా కనబడుతుంది. అయితే డిస్‌ప్లే (ఎర్రర్‌ను వాక్యంగా చూపే ట్రెయిట్) అమలులో లోపలి ఎర్రర్ వాక్యాన్ని కూడా కలిపేసి ఉంటే, అదే మాట రెండుమూడు సార్లు అచ్చవుతుంది. సోర్స్ ద్వారా ఇచ్చినదాన్ని డిస్‌ప్లేలో మళ్లీ చెప్పకూడదు.

కొలిమి:
చర్చనుబట్టి నేను ఇలా నిర్ణయించుకున్నాను. ఓఎస్‌ఎర్రర్ ఎర్ర్‌నోతో, ఫైలు దారితో నేరుగా వెళ్తుంది. దత్తాంశ లోపం వాల్యూఎర్రర్‌కు కూడా సంతానమై వరుస, కాలమ్, విలువ అనే గుణాలతో వెళ్తుంది. ‘కాలమ్ లేదు’ అన్న ఎర్రర్‌ను పేరుతో వెతికే పద్ధతిలో మాత్రమే చేతితో లేవనెత్తుతాను. పానిక్‌లను ముట్టుకోను. పాత కోడ్ విరగకుండా, దత్తాంశ లోపాన్ని వచ్చే రెండు విడుదలల వరకూ రన్‌టైమ్‌ఎర్రర్‌కు కూడా సంతానంగా ఉంచి, పాత వాక్యాన్ని మార్చకుండా అలాగే కొనసాగిస్తాను.

ఒకటే సందేహం మిగిలింది. మా వాడేవారిలో కొందరు మల్టీప్రాసెసింగ్‌తో ఫైళ్లను సమాంతరంగా చదువుతారు. ఎక్సెప్షన్ ఒక ప్రాసెస్ నుంచి మరో ప్రాసెస్‌కు వెళ్లేటప్పుడు ఈ గుణాలు నిలుస్తాయా?

అంచుకోడ్:
నిలుస్తాయి, కానీ రెండు షరతులున్నాయి. పికిల్ (పైథాన్ వస్తువులను బైట్లుగా మార్చి తిరిగి విప్పే మాడ్యూల్) ఒక ఎక్సెప్షన్‌ను తిరిగి నిర్మించేటప్పుడు తరగతిని దాని ఆర్గ్స్ గుణంలోని విలువలతో పిలిచి, ఆపైన డిక్ట్‌లోని గుణాలను అతికిస్తుంది. మీ ఇనిట్ పద్ధతి వాక్యం, వరుస, కాలమ్, విలువ అనే నాలుగింటినీ తప్పనిసరిగా అడుగుతూ, మూల తరగతికి వాక్యం ఒక్కటే అందిస్తే, అవతలి ప్రాసెస్‌లో నిర్మాణం టైప్‌ఎర్రర్‌తో విఫలమవుతుంది, అసలు ఎర్రర్ కనబడకుండా పోతుంది. వాక్యం తప్ప మిగిలిన మూడింటికీ నన్‌ను అప్రమేయ విలువగా ఇస్తే ఈ చిక్కు తీరుతుంది.

రెండవది, పికిల్ తరగతిని మాడ్యూల్ పేరుతో వెతుకుతుంది. తరగతులను పైథాన్ ఫైలులోనే నిర్వచిస్తే ఆ పేరు సహజంగానే సరిగా ఉంటుంది. క్రియేట్ ఎక్సెప్షన్ మాక్రోతో చేస్తే మాత్రం, అక్కడ రాసిన మాడ్యూల్ పేరు, ప్యాకేజీలో అది నిజంగా దొరికే చోటు ఒకటేనని సరిచూడాలి. కారణాల గొలుసు మాత్రం ఎలాగూ నిలవదు. కాజ్, ట్రేస్‌బ్యాక్ రెండింటినీ పికిల్ మోయదు కాబట్టి, అవతలివారికి అవి కావాలంటే పంపే ముందే వాటిని అక్షరాలుగా మార్చి ఒక గుణంలో ఉంచండి. ఈ మూడింటికీ కలిపి, ఎక్సెప్షన్‌ను పికిల్ చేసి తిరిగి విప్పి గుణాలను పోల్చే పరీక్ష ఒకటి మీ ప్రతి తరగతికీ రాయండి.